యాభై ఎనిమిదో మీట

ఈసాఫ్యోర్దుర్ రేవులో చేపల వేలంగది.
రాత్రి రెండున్నర.
కిటికీ అవతల మంచు అడ్డంగా కురుస్తోంది,
నిలువుగా కురవడం ఈ ఊళ్ళో దానికి చేతకాదు.

టోర్ఫి ముందు నల్లటి తెర.
బొమ్మల్లేవు, మౌసు అసలే లేదు.
ఉన్నవల్లా అక్షరాలు, ఆగాగి మినుక్కుమనే ఒక గీత.
పాత లినక్స్ పెట్టె,
పన్నెండేళ్ళుగా కాడ్ చేపల బరువులు మోస్తోంది
ఒక్క కిలో ఒలకబోయకుండా.

ఎడమచేతి చిటికెన వేలు ఆయనకి లేదు.
పడవ మీద వించి తాడు చుట్టుకుని తీసుకుపోయింది.
సముద్రం అడిగింది, ఇచ్చాను, అంటాడు
కాఫీ దగ్గర ఎవరైనా కదిపితే.
ఇంట్లో మాత్రం ఆ మాట అనడు.

కంట్రోల్ మీట ఎడమ మూల, అట్టడుగున.
అది చిటికెన వేలి జాగా.
దాచాలన్నా కంట్రోల్, వెతకాలన్నా కంట్రోల్,
చేసిన తప్పు వెనక్కి తీసుకోవాలన్నా కంట్రోలే.
ఉంగరపు వేలు అంత దూరం వంగితే
మోచేతి దాకా సలుపు.

మన రాతలో ఒత్తులాంటిది ఆ మీట.
ఒంటరిగా పలకదు.
పక్కన ఇంకో అక్షరం ఉండాలి,
అది పలికేదాకా దీన్ని వదలకుండా పట్టుకోవాలి.

ఏ మీటది ఏ అంకెో చెప్పే చిన్న ప్రోగ్రాం ఒకటుంది.
పిలిచాడు.
రాగానే అంది: ఇరవై ఎనిమిది, వదిలారు.
తనని పిలిచిన ఎంటర్ మీటనే ముందు లెక్కలో వేసుకుంది,
ఎంత నికార్సయిన గుమాస్తా!
క్యాప్స్ లాక్ మీద వేలు పెట్టాడు.
యాభై ఎనిమిది, నొక్కారు.
యాభై ఎనిమిది, వదిలారు.

ఆ తర్వాత, ఎవరూ చూడటం లేదు కదా అని,
లేని వేలితో కంట్రోల్ నొక్కాడు.
చలి రాత్రుల్లో గోరు కింద దురదపెట్టే వేలే అది.
గట్టిగా నొక్కాడు.
తెర ఏమీ అనలేదు.
పది సెకన్లు ఏ మీటా కదలకపోతే
ఆ ప్రోగ్రాం తనంతట తానే లేచి వెళ్ళిపోతుంది.

వెళ్ళిపోయింది.

అప్పుడు రూట్ హోదాలో, కెర్నెల్ చెవిలో ఒకే వాక్యం:
ఇక నుంచి యాభై ఎనిమిది కూడా కంట్రోలే.
ఉంగరపు వేలు కాస్త పక్కకి జరిగితే చాలు.
ఆ రాత్రి హడాక్ చేపల పద్దంతా
మూడున్నరకల్లా తేలిపోయింది.

గురువారం గాలివానకి కరెంటు పోయింది.
తిరిగొచ్చిన పెట్టెకి ఏ మాటా గుర్తులేదు.
దాచబోతే అక్షరాలు అరిచాయి,
పడవల పేర్లన్నీ పెద్ద గొంతుతో.
పొద్దున హాల్బెరా చూసి,
"రాత్రి ఎవరి మీద కోప్పడ్డావు?" అంది.

ఈసారి పెట్టె మేలుకోగానే చదివే ఫైల్లో రాశాడు.
చెప్పింది మర్చిపోవడం ఇక కుదరదు దానికి.
అయితే హాల్బెరా రహస్యపదం అంతా పెద్దక్షరాలు.
మూడుసార్లు కొట్టింది, మూడుసార్లూ గెంటేసింది.
వచ్చి మీటల పలక మీద వంగి
ఆయన చెయ్యి జరిగిన చోటు చూసింది.
ఏమీ అనకుండా
చేపల డబ్బాలకి అంటించే పసుపు కాగితం చింపి,
యాభై ఎనిమిది మీద అతికించి,
పెన్సిల్‌తో రాసింది: టోర్ఫి.
తను షిఫ్ట్ పట్టుకుని కొట్టుకుంటానంది.

"మరి కింద మూల ఆ పాతది?" అంది వెళ్ళబోతూ,
"ఇరవై తొమ్మిది. ఊరికే పడుంది.
దానికి వేరే పనేదైనా ఇవ్వొచ్చుగా."

టోర్ఫి బరువుల కాగితం సరిచేసుకున్నాడు.

"ఊరికే లేదు," అన్నాడు.
"దాని మీద వేలుంది."